క్రషర్ బ్లాస్టింగ్‌ని ఫోన్‌తో కొలవొచ్చా? త్వరణం నుంచి వేగం దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగుంటుంది, ముందే చెప్తున్నా. మధ్యలో లెక్కలు కూడా ఉన్నాయి. కానీ ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ చదివి, "ఇది లైఫ్‌లో ఎక్కడ పనికొస్తది సార్" అని అడిగి తిట్లు తిన్నవాళ్లు ఉంటే, ఈ వీడియో మీకోసమే. నేనూ అడిగాను. నాకూ పడ్డాయి.

మా మేనమామ వాళ్ల ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఉంటుంది. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే కథలో ఒక క్రషర్ ఉంది, దాని పేరూ చెప్పను. ఊరికి ఆనుకుని ఒక గుట్ట. ఆ గుట్టను పగలగొట్టి కంకర చేస్తారు. వారానికి రెండు మూడు సార్లు, సరిగ్గా మధ్యాహ్నం అన్నం తినే వేళకు బ్లాస్టింగ్. సైరన్ మోగుతుంది. కాసేపటికి ఢమ్మంటుంది. గిన్నెల స్టాండు గలగలమంటుంది. మా అత్త "ఇగో, అయిపాయె" అని మళ్లీ కూర వడ్డిస్తుంది.

పోయిన దసరాకు పోయినప్పుడు మామ నన్ను లోపలి అర్రలోకి తీసుకుపోయి గోడ చూపించాడు. కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా ఒక పగులు.

"అల్లుడా, నువ్వు ఫోన్ల ఏమేమో కొలుస్తవ్ గద. ఇది గూడ కొల్వు. ఆల్లను అడిగితే లిమిట్ లోపల్నే ఉన్నది అంటున్నరు. అసలు లిమిట్ అంటే ఏంది? ఎవలు పెట్టిండ్రు?"

మంచి ప్రశ్న. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. అయినా పెద్ద తోపులాగా ఫోన్ తీసి, ప్లే స్టోర్‌లో దొరికిన ఒక వైబ్రేషన్ మీటర్ యాప్ పెట్టి, మరుసటి రోజు బ్లాస్టింగ్‌కి రెడీగా కూర్చున్నా. ఢమ్మంది. స్క్రీన్ మీద 0.4 అని వచ్చింది. మామ అడిగాడు, "0.4 అంటే లిమిట్ దాటిందా, దాటలేదా?"

ఆ 0.4 దేనిలో ఉందో చూడండి. మీటర్ పర్ సెకండ్ స్క్వేర్. అంటే యాక్సిలరేషన్, మన టెక్స్ట్‌బుక్ మాటలో త్వరణం. రాత్రి కూర్చుని లిమిట్ ఎక్కడుందో వెతికితే దొరికింది. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీ అని, ధన్‌బాద్‌లో హెడ్డాఫీసు ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, డీజీఎంఎస్ అంటారు. వాళ్లు 1997లో ఒక సర్క్యులర్ ఇచ్చారు. మన దేశంలో బ్లాస్టింగ్ కంపనాల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా చూసేది దాన్నే. క్వారీ యజమానివి కాని మామూలు ఇళ్లకు, కచ్చా ఇల్లయినా ఇటుక సిమెంటు ఇల్లయినా, కంపనం 8 హెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు. 8 నుంచి 25 మధ్య ఉంటే 10 మిల్లీమీటర్లు. 25 దాటితే 15.

సెకనుకు మిల్లీమీటర్లు. అంటే వేగం. లిమిట్ వేగంలో ఉంది, నా ఫోన్ చెప్పేది త్వరణం. ఒకాయన భూమి ఎకరాల్లో చెప్తుంటే ఇంకొకాయన క్వింటాళ్లలో బేరం ఆడుతున్నట్టుంది. 0.4 పెద్దదా, 5 పెద్దదా అని పోల్చడానికే లేదు.

లిమిట్ వేగంలో ఎందుకు పెట్టారు అని మీరు అడగొచ్చు. గోడ మొత్తం ఒకేసారి పైకి లేచి ఒకేసారి కిందికి దిగితే దానికేమీ కాదు. లిఫ్ట్‌లో మనకేం కాదు కదా. గోడకు నొప్పి ఎప్పుడంటే, ఒక భాగం పైకి పోతున్నప్పుడు పక్క భాగం ఇంకా కిందే ఉంటే. అల నేలలో పరుగెత్తుతూ వస్తుంది కాబట్టి అదే జరుగుతుంది. ఆ సాగుడు ఎంత అన్నది నేల కదిలే వేగాన్ని అల పరుగెత్తే వేగంతో భాగిస్తే సుమారుగా వస్తుంది. అందుకే నేల కణాల వేగాన్ని కొలుస్తారు. దాన్ని కొలిచే అసలు పరికరం పేరు జియోఫోన్. లోపల అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. నేల కదిలితే కరెంటు పుడుతుంది, అది నేరుగా వేగానికి తగ్గట్టు ఉంటుంది. కానీ మామ జేబులో జియోఫోన్ లేదు. ఫోన్ ఉంది.

ఇక ఫోన్ లోపలికి పోదాం. మీ ఫోన్‌లో యాక్సిలరోమీటర్ అని ఒక చిప్ ఉంటుంది. స్క్రీన్ అడ్డం తిప్పితే వీడియో అడ్డం తిరుగుతుంది కదా, దాని పనే. చిప్ లోపల సిలికాన్‌తో చెక్కిన సన్నటి ముక్క ఒకటి, స్ప్రింగుల్లాంటి వాటికి వేలాడుతూ ఉంటుంది. ఫోన్ కదిలితే ఆ ముక్క కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో కరెంటుతో కొలుస్తారు. ఒక తిరకాసు ఏంటంటే, ఫోన్‌ని కదలకుండా నేల మీద పెట్టినా అది సున్నా చూపించదు, 9.8 చూపిస్తుంది. భూమి ఆకర్షణ ఆ ముక్కను లాగుతూనే ఉంటుంది కాబట్టి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత మనల్ని ముంచేది ఇదే.

నేను వాడింది ఫైఫాక్స్ అనే యాప్. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో వదిలారు, ఫ్రీ. దీంట్లో గొప్ప ఏంటంటే, సెన్సర్ చెప్పిన ప్రతి అంకెనూ టైమ్‌తో సహా ఫైల్‌గా ఇస్తుంది. నా ఫోన్‌లో సెకనుకు సుమారు 200 అంకెలు వచ్చాయి. ఫైల్‌ని గూగుల్ షీట్స్‌లో తెరిస్తే రెండు కాలమ్‌లు: టైమ్, త్వరణం.

త్వరణం నుంచి వేగం ఎట్లా? కిరాణా కొట్టు ఖాతా బుక్కు ఊహించుకోండి. త్వరణం అంటే ఈ రోజు ఎంత సామాను తీసుకున్నాం అన్నది. వేగం అంటే మొత్తం బాకీ. పాత బాకీకి ఈ రోజుది కలుపుకుంటూ పోవడమే ఇంటిగ్రేషన్. షీట్‌లో అయితే, పై వరుసలో ఉన్న వేగం తీసుకో, ఈ వరుస త్వరణాన్నీ పై వరుస త్వరణాన్నీ కూడి సగం చెయ్యి, రెండు వరుసల మధ్య టైమ్‌తో గుణించు, కలుపు. అంతే. ఆ ఫార్ములాని కింది దాకా లాగెయ్యండి. ఒక్క జాగ్రత్త: వరుసకీ వరుసకీ మధ్య టైమ్ అన్నిచోట్లా సమానం అనుకోవద్దు. ఫోన్ వేరే పనుల్లో ఉన్నప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుంది. టైమ్ కాలమ్‌లో ఉన్నదాన్నే తీసివేసుకోండి.

మొదట లిఫ్ట్‌లో చూశా. నల్లగొండలో మా ఫ్రెండ్ అపార్ట్‌మెంట్. ఫోన్ లిఫ్ట్ నేల మీద పెట్టి, కింది నుంచి పైకి. అంతస్తుకు 3 మీటర్లు, స్టాప్‌వాచ్‌లో ఒక్కో అంతస్తుకు 5 సెకన్లు, అంటే సెకనుకు 0.6 మీటర్లు రావాలి. షీట్‌లో 0.58 వచ్చింది. గాల్లో తేలిపోయా.

ఆ పొగరుతో పాలమూరు నుంచి జడ్చర్ల బస్సు ఎక్కా. ఆర్టీసీ పల్లెవెలుగు. ఫోన్‌ని సీటు పక్కన రేకుకు టేపు వేసి అతికించా. పక్కనున్న పెద్దాయన "ఏంది బిడ్డా, బాంబా" అని అడిగాడు. లెక్క సార్ అన్నా, నమ్మలేదు. 20 నిమిషాల తర్వాత బస్సు జడ్చర్ల బస్టాండులో ఆగి, కండక్టర్ దిగి టీ తాగుతున్నాడు. షీట్ ప్రకారం మా బస్సు ఆ క్షణాన గంటకు 151 కిలోమీటర్ల వేగంతో పోతోంది.

ఏం జరిగింది? ఖాతా బుక్కు దగ్గరికే రండి. సేటు రోజూ తెలియకుండా ఒక్క రూపాయి ఎక్కువ రాస్తున్నాడు అనుకోండి. ఒక రోజు చూస్తే ఏమీ తెలియదు. ఏడాది తర్వాత 365 రూపాయలు. నా ఫోన్‌లో సగటున 0.035 మాత్రమే తప్పు ఉంది. 9.8 ముందు అదెంత? కానీ 1200 సెకన్లు కలుపుకుంటూ పోతే సెకనుకు 42 మీటర్లు అయింది. తప్పు ఎక్కడి నుంచి వచ్చింది అంటే, కొంత చిప్‌దే, ప్రతి ఫోన్‌కీ ఒక చిన్న పక్షపాతం ఉంటుంది, వేడెక్కితే అదీ మారుతుంది. ఇంకా ఎక్కువ వచ్చేది వంపు వల్ల. ఫోన్ ఒక్క డిగ్రీ వంగితే చాలు, భూమి ఆకర్షణలో 0.17 పక్క దిక్కులోకి జారుతుంది. ఒక్క నిమిషంలో అది గంటకు 37 కిలోమీటర్ల దొంగ వేగం అవుతుంది. మన పాలమూరు రోడ్లు ఒక డిగ్రీ వంపు లేకుండా ఎంత దూరం ఉంటాయో మీకు తెలుసు.

అందుకే మ్యాప్స్‌లో కనిపించే వేగం ప్రధానంగా జీపీఎస్‌ది. సెన్సర్‌ని మాత్రమే నమ్మి నడవాలంటే చాలా ఖరీదైన సెన్సర్లు కావాలి. క్షిపణుల కోసం అలాంటి నావిగేషన్ మీద పని చేసేది మన హైదరాబాద్‌లోనే, రీసెర్చ్ సెంటర్ ఇమారత్. మనకు అంత సీన్ లేదు. కానీ బస్సుకు ఒక చిట్కా ఉంది. పల్లెవెలుగు ప్రతి ఊర్లో ఆగుతుంది. ఆగినప్పుడు వేగం సున్నా అని మనకు కచ్చితంగా తెలుసు. అక్కడ ఖాతా సున్నా చేసి, మధ్యలో పోగైన తప్పుని వెనక్కి పంచేస్తే లెక్క చాలా వరకు దారికొస్తుంది. బూటులో సెన్సర్ పెట్టి నడక కొలిచేవాళ్లు కూడా ఇదే చేస్తారు, పాదం నేలను తాకిన ప్రతిసారీ.

ఇప్పుడు మామ ఇల్లు. బస్సులో నేర్చుకున్నదంతా ఇక్కడ మళ్లీ మర్చిపోయా, అది వేరే విషయం.

మొదటి తప్పు, ఫోన్‌ని మంచం మీద పెట్టడం. నవారు మంచం. అది నేల కంపనం కాదు, మంచం కంపనం. రెండో తప్పు, నేల మీద పెట్టా కానీ ఆ షాబాద్ బండ కదులుతుంది. అడుగు పడితే టక్ టక్‌మంటుంది. చివరికి గోడ పునాది పక్కన, కదలని బండ చూసి, రెండు వైపులా అంటుకునే టేపుతో గట్టిగా అతికించా. సైలెంట్ మోడ్, ఏరోప్లేన్ మోడ్. ఒక కాల్ వచ్చి ఫోనే వణికితే మొత్తం గోవిందా. అందరినీ బయటికి పంపించా. 10 నిమిషాలు రికార్డింగ్ నడిచాక బ్లాస్టింగ్ అయింది.

9.81 తీసేసి ఇంటిగ్రేట్ చేశా. నా ఫోన్ నిజానికి 9.76 చూపిస్తోంది. 0.05 తేడా. 600 సెకన్లు. షీట్ ప్రకారం, బ్లాస్టింగ్ టైమ్‌కి మా మామ ఇల్లు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో భూమిలోకి దిగిపోతోంది. అత్త లోపలికి వచ్చి "అయిందా, పొయ్యి ముట్టియ్యాలె" అంది.

సరే, 9.81 అని పుస్తకంలోది వాడొద్దు. బ్లాస్టింగ్‌కి ముందు 5 సెకన్ల నిశ్శబ్దం తీసుకుని, ఆ సగటునే సున్నా అనుకుందాం. 10 నిమిషాలు కాదు, బ్లాస్టింగ్ చుట్టూ 10 సెకన్లే తీసుకుందాం. ఇప్పుడు ఇల్లు మునగలేదు. కానీ గ్రాఫ్ ఇంకా నిదానంగా జారుతూనే ఉంది, 10 సెకన్లలో 6 మిల్లీమీటర్ల దాకా. (స్క్రీన్ మీద ఎర్ర గీత చూడండి.) మనం వెతికే లిమిటే 5, 10. తప్పే 6 ఉంటే ఇంక ఏం కొలిచినట్టు?

ఇది ఎందుకంటే, సెన్సర్‌లో ఎప్పుడూ గరగర ఉంటుంది. నా ఫోన్‌లో అది 0.02 చుట్టూ. నిశ్శబ్దంలో తీసిన సగటులోనే కొంచెం తప్పు మిగులుతుంది, దానికి తోడు గరగరను కలుపుకుంటూ పోతే తాగినోడి నడకలాగా ఎటో ఒక వైపు పోతుంది. దీనికి మందు ఏంటి? మనకు తెలిసిన ఒక నిజాన్ని వాడుకోవడం. బ్లాస్టింగ్‌కి ముందు ఇల్లు నిలబడే ఉంది, తర్వాతా నిలబడే ఉంది. మధ్యలో వణుకుడే తప్ప ఎటూ పోలేదు. కాబట్టి వేగం గ్రాఫ్‌లో నిదానంగా మారేది ఏదైనా అబద్ధమే. షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టి, ప్రతి వరుసకీ చుట్టూ ఉన్న అర సెకను వేగాల సగటు తీసి, అసలు వేగంలోంచి తీసేశా. నిదానంగా జారేది పోయింది, వేగంగా వణికేది మిగిలింది. పెద్దవాళ్లు దీన్ని హైపాస్ ఫిల్టర్ అంటారు, ఇది దాని పల్లెటూరి తమ్ముడు.

ఇది నేనేదో కనిపెట్టింది కాదు. 1967 ఆగస్టులో మన నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. అదే ఏడాది డిసెంబర్ 11న మహారాష్ట్రలో కోయనా భూకంపం వచ్చింది. కోయనా డ్యామ్ లోపల అప్పటికే యాక్సిలరోగ్రాఫ్ పెట్టి ఉంది. భూమి ఆకర్షణలో 0.63 వంతు త్వరణం దాని మీద నమోదైంది. డ్యామ్‌కి పై భాగంలో పగుళ్లు వచ్చాయి. ఆ రికార్డుని ఈ రోజుకీ ప్రపంచమంతా డ్యామ్ ఇంజనీర్లు వాడతారు. అప్పట్లో రికార్డులు ఫిల్మ్ మీద పడేవి. ఆ గీతను మనుషులు కూర్చుని అంకెల్లోకి మార్చేవాళ్లు. సున్నా గీత ఎక్కడుందో వెంట్రుకవాసి తప్పినా, ఇంటిగ్రేట్ చేస్తే భూకంపం అయిపోయాక కూడా నేల ఎటో పరుగెత్తుతూనే ఉన్నట్టు వచ్చేది. దాన్ని సరిచెయ్యడానికి బేస్‌లైన్ కరెక్షన్ అనే విద్యే పుట్టింది. అంటే మామ ఇల్లు భూమిలోకి దిగిన కథ పెద్ద పెద్ద ల్యాబుల్లో కూడా నడిచింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఫిల్టర్ తర్వాత మామ ఇంట్లో వచ్చిన అంకె: సెకనుకు 3.2 మిల్లీమీటర్లు. నిలువు దిక్కులో. మిగతా రెండు దిక్కుల్లో ఇంకా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు అదే లెక్క చేస్తే 0.2 చుట్టూ గరగర కనిపిస్తోంది, కాబట్టి 3.2 నిజమైన కదలికే.

దీన్ని ఇంకో దారిలో చెక్ చేసుకోవచ్చు. వణుకు ఒకే లయలో ఉంటే, త్వరణాన్ని ఫ్రీక్వెన్సీతో, 6.28తో భాగిస్తే వేగం వస్తుంది. గ్రాఫ్‌లో శిఖరాలు లెక్కపెడితే సెకనుకు సుమారు 20. 0.4ని 125.6తో భాగిస్తే 0.0032 మీటర్లు. 3.2 మిల్లీమీటర్లు. సరిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ వీడియోలో నాకు బాగా నచ్చింది ఇదే. అదే 0.4 సెకనుకు 5 సార్లు వణికి ఉంటే? వేగం 12.7 మిల్లీమీటర్లు. 8 హెర్ట్జ్ లోపల లిమిట్ 5. అంటే రెండింతలకు పైగా దాటినట్టు. యాప్‌లో మాత్రం రెండు సార్లూ 0.4 అనే కనిపిస్తుంది! ఉయ్యాల అనుకోండి. నిదానంగా ఊగే ఉయ్యాలను ఒకే వైపు ఎక్కువసేపు తోస్తాం, వేగం పోగవుతుంది. చకచకా దిక్కు మారిపోతుంటే పోగయ్యే టైమే ఉండదు. అత్త తలుపు ధడాలున వేస్తే నా ఫోన్‌లో 0.6 వచ్చింది, బ్లాస్టింగ్ కన్నా ఎక్కువ. కానీ అది 40 హెర్ట్జ్, వేగంలో 2.4 మాత్రమే. కాబట్టి యాప్‌లో పెద్ద అంకె చూసి స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి గొడవ చెయ్యకండి. ములుగులో 2024 డిసెంబర్ 4న 5.3 భూకంపం వచ్చినప్పుడు, ఉదయాన్నే చాలామంది నాకు ఇలాంటి స్క్రీన్‌షాట్లు పంపి "అన్నా ఇది రిక్టర్ ఎంత" అని అడిగారు. మీ ఇంట్లో నేల ఎంత ఊగిందో ఫోన్ చెప్తుంది. అక్కడ ములుగు కింద ఎంత శక్తి విడుదలైందో ఒక్క ఫోన్ చెప్పలేదు.

మళ్లీ మామ దగ్గరికి. 20 హెర్ట్జ్‌కి లిమిట్ 10. వచ్చింది 3.2.

"మామా, లిమిట్ లోపలే ఉంది" అన్నా.

మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "అంటే నువ్వు గూడ ఆల్ల దిక్కే."

ఆ మాట గుచ్చుకుంది, అబద్ధం చెప్పను. రాత్రంతా ఆ షీట్ తిప్పి తిప్పి చూశా, ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండు అని. ఇది చాలా డేంజర్ ఫ్రెండ్స్. నచ్చిన అంకె వచ్చేదాకా ఫిల్టర్ మార్చుకుంటూ పోవడం చాలా ఈజీ. అర సెకను బదులు ఐదు సెకన్ల సగటు తీస్తే 6 వస్తుంది, 7 వస్తుంది. కానీ అది ఫోన్ గరగర, గుట్టది కాదు.

మామ భయం ఊరికే వచ్చింది కాదు. మనిషి ఒంటికి సెకనుకు 1 మిల్లీమీటర్ లోపే కంపనం తెలిసిపోతుంది. 3 అంటే బాగా తెలుస్తుంది. గిన్నెలు, కిటికీ రెక్కలు కొట్టుకునేది చాలావరకు గాలి అల వల్ల, అది నేల మీద పెట్టిన ఫోన్‌కి కనిపించదు. పగులు బ్లాస్టింగ్‌దే అవునా కాదా అన్నది ఒక్క రోజు కొలతతో తేలదు. పునాది కుంగొచ్చు, ఎండకు పైకప్పు సాగొచ్చు. అందుకే పగులు రెండు కొసల్లో పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ రాశాం. పెరిగితే గీత దాటుతుంది. ఇది మీరూ చెయ్యండి, దీనికి ఫోన్ కూడా అక్కర్లేదు.

తెల్లారి మామే అన్నాడు, "మన ఇల్లు దూరం గద. గుడి కాడ సూడు."

గుట్ట వైపు ఊరి చివర పాత రాతి గుడి ఉంది. మామ ఇల్లు క్వారీకి 600 మీటర్లు ఉంటే గుడి 350. ఎవరు కట్టించారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రాజు పేరు చెప్తారు. పురావస్తు శాఖ బోర్డు అయితే లేదు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన కట్టడం. దూరం తగ్గితే కంపనం ఎంత పెరుగుతుందన్నది రాయిని బట్టి మారుతుంది, కాగితం మీద ఊహించడం కన్నా పోయి కొలవడం మేలు.

తర్వాతి బ్లాస్టింగ్‌కి గర్భగుడి గడప పక్కన బండకు ఫోన్ అతికించా. పూజారి గారు అడ్డు చెప్పలేదు, చెప్పులు మాత్రం బయట విడవమన్నారు. త్వరణం 0.9. ఫ్రీక్వెన్సీ 22 చుట్టూ. ఇంటిగ్రేట్ చేసి, అదే అర సెకను సగటు, ఏమీ మార్చలేదు. సెకనుకు 6.5 మిల్లీమీటర్లు.

మామూలు ఇల్లయితే 10 లోపలే. కానీ ఆ 1997 సర్క్యులర్‌లో ఇంకో వరుస ఉంది: చారిత్రక ప్రాముఖ్యం ఉన్నవి, సున్నితమైన కట్టడాలు. వాటికి 8 హెర్ట్జ్ లోపల 2, 8 నుంచి 25 మధ్య 5, ఆ పైన 10. 22 హెర్ట్జ్ దగ్గర లిమిట్ 5. మాకు వచ్చింది 6.5.

ఇప్పుడు నేను ఎగిరి గంతెయ్యలేదు. ఎందుకంటే ఆ గుడిని ఆ వరుసలో పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. రెండోది, నా ఫోన్ సాక్ష్యం కాదు. దాన్ని ఎవరూ క్యాలిబ్రేట్ చెయ్యలేదు. 200 అంకెలే తీస్తుంది కాబట్టి 100 హెర్ట్జ్ పైన ఏముందో దానికి తెలియదు. గట్టి గ్రానైట్ రాయిలో దగ్గర్లో అలాంటి వేగమైన కంపనాలు ఉంటాయి కూడా. 6.5 అన్నది 5.5 కావచ్చు, 8 కావచ్చు.

అయితే ఫోన్ ఒక పని చేసింది. ఇంతకుముందు మామ అడిగేది "మా ఇల్లు పగిలింది" అని. వాళ్లు చెప్పేది "లిమిట్ లోపలే ఉంది" అని. అక్కడితో ముగిసేది. ఈసారి సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులో మామ ఇలా రాయించాడు: ఫలానా తేదీన, ఫలానా టైమ్‌కి, క్వారీకి 350 మీటర్ల దూరంలో గుడి గడప దగ్గర ఫోన్‌తో కొలిస్తే ఇంత వచ్చింది, ఇది పక్కా కొలత కాదని మాకు తెలుసు, కాబట్టి సరైన పరికరంతో, మా ముందర, గుడి దగ్గరా ఇళ్ల దగ్గరా కొలిపించండి, పేల్చిన ప్రతిసారీ ఎంత మందు, ఎన్ని రంధ్రాలు, ఒక్కో డిలేకి ఎంత, రిజిస్టర్ చూపించండి. ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. కంపనం మొత్తం మందును బట్టి కాదు, ఒకే క్షణాన ఎంత పేలుతుందో దాన్ని బట్టి ఉంటుంది. రంధ్రాల మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా పెట్టి పేలిస్తే అదే కంకర వస్తుంది, కంపనం తగ్గుతుంది.

రసీదు ఇచ్చారు. ఇది రికార్డు చేసే రోజుకి ఇంకా ఎవరూ కొలవడానికి రాలేదు. క్రషర్ సూపర్‌వైజర్ మాత్రం ఒక రోజు మామ ఇంటికి వచ్చి టీ తాగి, "ఎవరు పెద్దాయనా మీకు ఇవన్నీ నేర్పిచ్చింది" అని అడిగాడంట. మామ నా పేరు చెప్పలేదు. "ఫోన్ల ఉంటది" అన్నాడంట.

నేను వాడిన షీట్ లింక్ కింద పెడుతున్నా, మీ ఫైల్ అందులో వేస్తే సరిపోతుంది. అర సెకను అని ఉన్న గడిని మాత్రం ముట్టుకోకండి. దగ్గర్లో క్వారీ ఉన్నవాళ్లు కొలిస్తే అంకెతో పాటు దూరం, ఫోన్ మోడల్, దేని మీద పెట్టారో కూడా కామెంట్‌లో రాయండి. మంచం మీద పెట్టామని రాస్తే చదవను. పెన్సిల్ గీత సంగతి అడిగేవాళ్లకి: నిన్న రాత్రి మామకు ఫోన్ చేశా. పై కొసలో గీత దాటి ఒక గోరు అంత పోయిందట. కింది కొస అక్కడే ఉంది.